గోదావరి దాటించే స్టేషను

రెండేళ్ళ క్రితం మాట. నిడదవోలు దగ్గర పల్లెలో ఉండే మా సంఘస్థురాలు ఒక మామ్మగారు కంటి ఆపరేషను కోసం రాజమండ్రి రావలసి వచ్చింది. కొడుకూ కోడలూ నాట్లలో ఉన్నారు. ఆ నాలుగు రోజులూ పని పోతే మళ్ళీ దొరకదు. "ఫరవాలేదు మామ్మగారూ, మీరు పాసింజరు ఎక్కి రాజమండ్రిలో దిగండి. మేము స్టేషనులో ఉంటాము" అని ఫోనులో ధైర్యం చెప్పాము.

బండి వేళకే వచ్చింది. ఇంజను దగ్గర నుండి చివరి పెట్టె వరకు రెండుసార్లు తిరిగాము. మామ్మగారు లేరు. జనం దిగిపోయారు, బండి కదిలిపోయింది. చూపు సరిగా ఆనని మనిషి, చదువు రాని మనిషి, చేతిలో ఫోను లేని మనిషి. ఎక్కడ దిగిందో, ఎటు పోయిందో! ఆసుపత్రిలో డాక్టరుగారు ఇచ్చిన సమయం దగ్గర పడుతూ ఉంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి పల్లెలోని కొడుక్కి ఏమని చెప్పాలా అని ఆలోచిస్తూ ఉండగా ఫోను మోగింది. పూలమ్ముకునే ఒక అమ్మాయి మాట్లాడింది.

"ఇక్కడొక మామ్మగారు బెంచీ మీద కూర్చున్నారండీ. మీ నంబరు చీటీ మీద రాసుందండీ. గోదావరి స్టేషనండీ, రాజమండ్రి కాదు."

ఆటో పట్టుకుని పరుగెత్తాము. మామ్మగారు సంచీ ఒడిలో పెట్టుకుని నిమ్మళంగా కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి, "అదేంటండీ అయ్యగారూ, మీరు రాజమండ్రి అన్నారు. గోదారి దాటాం, ఊరొచ్చింది, దిగిపోయాను. ఇది రాజమండ్రి కాదాండీ?" అన్నారు.

ఆవిడ మాటలో తప్పు లేదు. తప్పు మాది. రాజమండ్రి పట్టణంలో రెండు స్టేషన్లు ఉన్నాయి. విజయవాడ వైపు నుండి వచ్చేవారికి వంతెన దాటగానే మొదట తగిలేది గోదావరి స్టేషను. ఆ తరువాత కొద్ది దూరంలో ఉన్నది రాజమండ్రి పెద్ద స్టేషను. పాసింజరు బండి రెండింటిలోనూ ఆగుతుంది. "ఏరు దాటాక రెండో స్టేషనులో దిగండి" అన్న ఒక్క మాట చెప్పి ఉంటే ఆవిడకు ఆ తిప్పలు ఉండేవి కావు. ఎన్నో ఏళ్ళుగా ఈ దారిన తిరుగుతున్న మాకు ఆ సంగతి చెప్పాలని తోచలేదు. మనకు తెలిసినది అందరికీ తెలుసుననుకోవడమే మనం తరచుగా చేసే పొరపాటు.

ఆపరేషను సకాలంలోనే జరిగింది. కాని ఆ రోజు నుండి ఈ స్టేషనును మేము మరో కంటితో చూడడం మొదలుపెట్టాము. ఇది ఎప్పుడు వచ్చింది? ఎందుకు వచ్చింది? ఎవరికి ఉపయోగపడుతున్నది? తెలుసుకున్న సంగతులను మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

రైలుకు ముందు నీళ్ళదారి

రైలు రాక ముందు గోదావరి డెల్టా ప్రజలకు దారి అంటే నీళ్ళే. సర్ ఆర్థర్ కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టను పూర్తి చేయించాడు. ఆ ఆనకట్ట దగ్గర బయలుదేరిన కాలువలు పొలాలకు నీరిచ్చాయి, పడవలకు దారి ఇచ్చాయి. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, బెల్లం, పెళ్ళివారు, పురిటికి పుట్టింటికి వెళ్ళే ఆడపడుచులు అందరూ పడవల మీదనే ప్రయాణం. గాలి అనుకూలించకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్ళతో పడవను లాగేవారు. ఒక ఊరి నుండి ఇంకొక ఊరికి పోవడానికి రాత్రంతా పట్టినా ఎవరూ విసుక్కునేవారు కాదు. అంతకంటే వేగమైన దారి లేదు గదా!

మన దేశానికి రైళ్ళ కంటే కాలువలే ఎక్కువ మేలు చేస్తాయని కాటన్ దొర గట్టిగా వాదించాడు. కాలువ పొలానికి నీరు ఇస్తుంది, సరుకును కూడా మోస్తుంది. రైలు ఒక్క పనే చేస్తుంది. ఇది ఆయన వాదన. ఆ వాదన నెగ్గలేదు. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశాన్ని పీడించిన మహా కరువు తరువాత ఏర్పడిన ఫామిన్ కమిషన్, తిండిగింజలను కరువు సీమలకు త్వరగా చేర్చాలంటే రైలుమార్గాలు పెంచాలని 1880లో చెప్పింది. కాటన్ దొర 1899లో కన్నుమూశాడు. ఆ మరుసటి సంవత్సరమే, ఆయన కట్టించిన ఆనకట్టకు కొద్ది మైళ్ళ ఎగువన, రైలు గోదావరిని దాటింది.

రైలు వచ్చింది, ఏరు అడ్డుపడింది

మద్రాసునూ కలకత్తానూ సముద్ర తీరం వెంట కలపాలన్న ఉద్దేశంతో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే అనే పేరున ప్రభుత్వం ఒక మార్గాన్ని తలపెట్టింది. 1893, 1896 సంవత్సరాల మధ్య బెజవాడ నుండి కటక్ వరకు ఈ లైను భాగాలు భాగాలుగా తెరవబడింది. మన రాజమండ్రికి రైలు వచ్చినది ఆ కాలంలోనే.

కాని ఇక్కడ ఒక చిక్కు ఉంది. గోదావరి రాజమండ్రి దగ్గర ఇంకా పాయలుగా చీలదు. ధవళేశ్వరం దాటిన తరువాతనే గౌతమి, వశిష్ఠ అని విడిపోతుంది. అందుచేత ఇక్కడ దానిని అఖండ గోదావరి అంటాము. ఒడ్డు నుండి ఒడ్డుకు సుమారు మూడు కిలోమీటర్ల వెడల్పు. అడుగున ఎంత తవ్వినా ఇసుకే. వేసవిలో తిన్నెలు తేలే ఈ నది శ్రావణ భాద్రపదాలలో ఎర్రనీటితో పోటెత్తుతుంది. పట్టాలు అటు కొవ్వూరు వరకు వచ్చాయి, ఇటు రాజమండ్రి వరకు వచ్చాయి. మధ్యలో మాత్రం నీరు.

ఆ కొన్ని సంవత్సరాలు ప్రయాణికులు ఒక ఒడ్డున రైలు దిగి, మూటాముల్లె నెత్తిన పెట్టుకుని రేవుకు నడిచి, పడవ మీద ఏరు దాటి, ఆవలి ఒడ్డున మళ్ళీ రైలు ఎక్కవలసి వచ్చేది. సరుకులను కూడా దింపుకోవాలి, దాటించుకోవాలి, ఎక్కించుకోవాలి. వరద కాలంలో ఈ మధ్య దారి ఎంత భయంకరంగా ఉండేదో గోదావరి ఒడ్డున పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. వందల మైళ్ళ రైలుమార్గం ఉన్నా, ఈ మూడు కిలోమీటర్లు లేకపోతే ఆ మార్గం తెగిన దారమే.

యాభై ఆరు ఖానాల వంతెన

ఆ దారాన్ని ముడివేసినది హేవ్‌లాక్ వంతెన. 1897 నవంబరులో పని మొదలయింది. గ్రాన్‌విల్ వాల్టన్ అనే ఇంజనీరు దీనికి బాధ్యుడు. ఇంతకు ముందు కాశీలో గంగ మీద 1887లో తెరిచిన డఫరిన్ వంతెన నిర్మాణంలో ఆరితేరినవాడు. అప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ ఆర్థర్ హేవ్‌లాక్ పేరు ఈ వంతెనకు పెట్టారు.

ఇసుకలో వంతెన స్తంభం నిలవాలంటే బావి పునాది వేయాలి. బోలుగా ఉన్న పెద్ద బావిని కట్టి, దాని లోపలి ఇసుకను తోడుతూ పోతే, ఆ బరువుకు బావి మెల్లమెల్లగా క్రిందికి దిగుతుంది. గట్టి అడుగు తగిలే వరకు దించి, తరువాత లోపల పూడ్చి, దాని మీద రాతి స్తంభం లేపుతారు. అలాంటి స్తంభాల మీద ఒక్కొక్కటి 150 అడుగుల పొడవున్న 56 ఇనుప ఖానాలను పరిచారు. వంతెన పొడవు మొత్తం రెండున్నర కిలోమీటర్లకు పైమాటే. ఇంత పని మూడేళ్ళు నిండక ముందే పూర్తి అయి, 1900 ఆగస్టులో వంతెన మీద రైలు నడిచింది. కటక్ దగ్గర మహానది వంతెన కూడా ఆ సంవత్సరమే తెరిచారు. అలా మద్రాసు, కలకత్తాల మధ్య పట్టాలు కలిశాయి. రాజమండ్రి స్టేషను ఒక కొస స్టేషనుగా ఉన్నది కాస్తా దేశంలోని పెద్ద రైలుమార్గాలలో ఒకదాని మీది ముఖ్యమైన స్టేషను అయింది.

ఈ వంతెన ఎన్ని వరదలు చూసిందో! 1953 వరద చూసింది, 1986 ఆగస్టులో లంకలను ముంచి గట్లు తెంచిన మహా వరదనూ చూసింది. నిలిచింది.

మా చిన్నతనంలో ఈ పాత వంతెన మీద ఎన్నోసార్లు ప్రయాణం చేశాము. కొవ్వూరు స్టేషను దాటగానే పెట్టెలో అందరూ కిటికీల వైపు జరిగేవారు. బండి వేగం తగ్గేది. ఇనుప దూలాల మధ్య నుండి ధడధడమని చప్పుడు మొదలయితే ఎదుటివారి మాట వినిపించేది కాదు. పెద్దవాళ్ళు నదిలోకి చిల్లర డబ్బులు విసిరేవారు. పిల్లలం ఖానాలు లెక్కపెట్టేవాళ్ళం. ఎప్పుడూ ముప్ఫై దాటాక లెక్క తప్పేది. మా నాయనగారు మాత్రం, "ఇది కట్టిన కూలీల పేర్లు ఎక్కడా రాసి లేవురా" అనేవారు. అప్పుడు ఆ మాట అర్థం కాలేదు. ఇసుకలోకి దిగి మట్టి తోడినవాళ్ళు, రాళ్ళు మోసినవాళ్ళు ఎవరో మనకు తెలియదు. వాళ్ళు వేసిన పునాది మీద వంద సంవత్సరాల పాటు జనం ఏరు దాటారు.

రెండవ వంతెన, మూడవ వంతెన

హేవ్‌లాక్ వంతెన మీద ఉన్నది ఒకే లైను. అటు నుండి బండి వస్తుంటే ఇటు బండి ఆగవలసిందే. స్వాతంత్య్రం వచ్చిన తరువాత బండ్లు పెరిగాయి, ఆగడమూ పెరిగింది. అందుకని పైన బస్సులు, లారీలు, క్రింద రైలు నడిచేలా రెండంతస్తుల వంతెనను నిర్మించి 1974లో ప్రారంభించారు. రహదారి భాగంతో కలిపి దీని పొడవు సుమారు 4 కిలోమీటర్లు. కొవ్వూరు వారికి, తాళ్ళపూడి వారికి రాజమండ్రి అంటే పక్క వీధి అయినది ఈ వంతెనతోనే. అంతకు ముందు బస్సు ప్రయాణికులకు కూడా పడవే గతి.

పాత వంతెనకు వయసు మీరడంతో 1991లో మూడవ వంతెన పని మొదలుపెట్టారు. విల్లులా వంగిన కాంక్రీటు కమానులతో ఉన్నది ఇదే. రాజమండ్రి పేరు చెప్పగానే ఇప్పుడు అందరి కళ్ళ ముందు కనిపించే బొమ్మ కూడా ఇదే. 1997లో ఇది పూర్తి కావడంతో హేవ్‌లాక్ వంతెనకు విశ్రాంతి ఇచ్చారు. 97 సంవత్సరాల సేవ! ఇప్పుడు దాని మీద బండ్లు నడవవు. దానిని పర్యాటక స్థలంగా తీర్చిదిద్దే అఖండ గోదావరి పథకానికి 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది.

యజమానులు మారిన సంగతి కూడా క్లుప్తంగా చెప్పుకుందాము. ఈ లైను 1901లో మద్రాసు రైల్వే చేతికి, 1908లో మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతికి వెళ్ళింది. 1951లో దక్షిణ రైల్వేలోను, 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలోను చేరింది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వేను 2019లో ప్రకటించారు. దాని ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. 2015లో పట్టణానికి రాజమహేంద్రవరం అనే పాత పేరు తిరిగి వచ్చింది. అయినా టికెట్టు అడిగేవాడు "రాజమండ్రి ఒకటివ్వండి" అనే అంటాడు.

ఈ స్టేషనుకు ఎవరు వస్తారు?

తెల్లవారుజామున ఒక గంట సేపు ఇక్కడ కూర్చుంటే రెండు గోదావరి జిల్లాలు మన ముందు నుండి నడిచిపోతాయి. కడియం వైపు నుండి పూలబుట్టలు వస్తాయి. నిడదవోలు, చాగల్లు వైపు నుండి కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు వస్తారు. రంపచోడవరం ఏజెన్సీ నుండి బస్సులో దిగిన గిరిజన కుటుంబాలు దూరపు బండి కోసం నేల మీద దుప్పటి పరచుకుని ఉంటాయి. కోనసీమ వారు రావులపాలెం మీదుగా బస్సులో ఇక్కడికి వచ్చి రైలు ఎక్కుతారు. గల్ఫు దేశాలకు వెళ్ళే కోనసీమ ఆడపడుచులను సాగనంపుతూ పిల్లలు ఏడ్చే ఏడుపు ఈ ప్లాట్‌ఫారాలకు కొత్త కాదు.

దూరపు బండ్లకు లోటు లేదు. హౌరా మెయిలు, 1977లో మొదలయిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగుతాయి. విశాఖపట్నం, హైదరాబాదుల మధ్య 1974లో మొదలయిన గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కని కుటుంబం ఈ జిల్లాలలో అరుదు. కాకినాడ వారి గౌతమి ఎక్స్‌ప్రెస్ కూడా ఈ దారినే పోతుంది. సికింద్రాబాదు, విశాఖపట్నంల మధ్య 2023 జనవరి 15న ప్రారంభమయిన వందే భారత్ బండికి మొదటి రోజు నుండే ఇక్కడ ఆగుదల ఉంది. వేలూరు ఆసుపత్రికి వెళ్ళేవారు కాట్పాడిలో దిగడానికి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ వంటి బండ్లను నమ్ముకుంటారు.

ఇవన్నీ మంచివే. కాని పల్లెలకు అసలైన బండి పాసింజరే. ఇటు కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, అటు కొవ్వూరు, పశివేదల, చాగల్లు – ఈ చిన్న స్టేషన్లలో వందే భారత్ ఆగదు. పాసింజరు ఆగుతుంది. ఇప్పుడు పాత పాసింజర్ల స్థానంలో ఎక్కువగా మెము బండ్లు వచ్చాయి. వీటికి వేరే ఇంజను ఉండదు. కరెంటు మోటార్లు పెట్టెలలోనే ఉంటాయి. రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది గనుక ఇంజను తిప్పే పని లేదు. ఆగిన వెంటనే వేగం అందుకుంటాయి. అడుగడుగునా ఆగవలసిన బండికి ఇది మంచి ఏర్పాటు. ఈ బండ్ల మరమ్మతులు చూసే షెడ్డు రాజమండ్రిలోనే ఉంది.

బండ్లు ఆగిన రోజులు

ఈ పాసింజరు విలువ మనకు 2020లో తెలిసివచ్చింది. ఆ సంవత్సరం మార్చి నెలలో కరోనా కారణంగా దేశమంతటా ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. యుద్ధాలలో, వరదలలో కూడా అన్ని బండ్లూ ఒక్కసారిగా ఆగలేదు. ఆ తరువాత దూరపు బండ్లు ఒక్కొక్కటిగా తిరిగి వచ్చినా పాసింజర్లు రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చినవి కూడా స్పెషల్ అనే పేరుతో, ఎక్స్‌ప్రెస్ చార్జీతో వచ్చాయి. అంతకు ముందు కనీస టికెట్టు 10 రూపాయలు. అది 30 రూపాయలు అయింది.

ఇరవై రూపాయల తేడా ఏమంత పెద్దది అనవచ్చు. లెక్క వేసి చూడండి. రోజూ పూలబుట్టతో వచ్చే మనిషికి రానుపోను 40 రూపాయలు అదనం. నెలలో పాతిక రోజులు తిరిగితే వెయ్యి రూపాయలు. ఒక పేద ఇంట్లో అది బియ్యం ఖర్చు, లేదా పిల్లవాని పుస్తకాల ఖర్చు. సీజను టికెట్టు ఒక్కసారి కొనడానికి చేతిలో డబ్బు ఆడనివారే ఎక్కువ. మామ్మగారి వంటివారు ఆసుపత్రికి వెళ్ళడమే వాయిదా వేసుకున్నారు. ఆవిడ కన్ను అంతగా ముదిరిపోవడానికి కారణం అడిగితే, "బండ్లు లేవు కదండీ, వచ్చాక టికెట్టు పెరిగింది కదండీ, చూద్దాంలే అనుకున్నానండీ" అన్నారు.

చివరకు 2024 ఫిబ్రవరిలో ఈ బండ్లకు పాత సాధారణ చార్జీ తిరిగి పెట్టారు. కనీస టికెట్టు మళ్ళీ 10 రూపాయలయింది. దేశమంతటా ఎందరో అడిగారు, వ్రాశారు, విన్నవించుకున్నారు. అడగడం వ్యర్థం కాదు అనడానికి ఇదొక నిదర్శనం. అయితే 2020 మార్చిలో ఆపివేసిన వయోవృద్ధుల చార్జీ రాయితీ – పురుషులకు 40 శాతం, స్త్రీలకు 50 శాతం ఉండేది – విషయంలో వృద్ధులు చేసిన విన్నపాలకు అలాంటి ఫలితం రాలేదు.

మనము తెలుసుకోవలసిన సేవలు

మన పల్లెవారిలో చాలామంది తమకు ఉన్న సౌకర్యాలు తెలియక నష్టపోతున్నారు. ముఖ్యమైనవి కొన్ని ఇక్కడ వ్రాస్తున్నాము. తెలియనివారికి చదివి వినిపించండి.

రిజర్వేషను లేని మామూలు టికెట్టు 199 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి కొన్నట్లయితే, కొన్న మూడు గంటల లోపుగాని, ఆ వైపు పోయే మొదటి బండికిగాని బయలుదేరాలి. రాజమండ్రి నుండి విజయవాడ సుమారు 150 కిలోమీటర్లు గనుక ఈ నిబంధన మన ప్రయాణాలలో చాలావాటికి వర్తిస్తుంది. ఉదయం కొన్న టికెట్టుతో సాయంకాలం ఎక్కి జరిమానా కట్టినవారిని చూశాము.

రిజర్వేషను 2024 నవంబరు నుండి 60 రోజుల ముందుగా మాత్రమే దొరుకుతున్నది. పూర్వం 120 రోజులు ఉండేది. పెళ్ళిళ్ళకు, సెలవులకు వెళ్ళేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

ఐదు సంవత్సరాలు నిండని పిల్లలకు టికెట్టు అక్కరలేదు. ఐదు నిండి పన్నెండు నిండనివారికి బెర్తు కోరకపోతే సగం చార్జీ, కోరితే పూర్తి చార్జీ.

60 సంవత్సరాలు నిండిన పురుషులకు, 45 నిండిన స్త్రీలకు ఖాళీని బట్టి క్రింది బెర్తు ఇస్తారు. చార్జీ రాయితీ ఆగినా ఈ సౌకర్యం ఆగలేదు. టికెట్టు ఫారంలో వయసు సరిగా వ్రాయండి. సిగ్గుపడి తగ్గించి వ్రాస్తే పైబెర్తు ఎక్కవలసి వస్తుంది!

క్యాన్సర్ రోగులు చికిత్సకు ప్రయాణం చేసేటప్పుడు స్లీపరులోను, మూడవ తరగతి ఏ.సి.లోను వారికి చార్జీ లేదు. వెంట వెళ్ళే ఒకరికి ఆ తరగతులలో 75 శాతం రాయితీ ఉంది. ఆసుపత్రి వారు నిర్ణీత ఫారం మీద సంతకం, ముద్ర వేసి ఇవ్వాలి. వేలూరుకు, విశాఖకు, హైదరాబాదుకు అప్పు చేసి వెళ్ళే కుటుంబాలు ఈ ఒక్క కాగితం సంగతి తెలియక ఎంత డబ్బు పోగొట్టుకుంటున్నాయో!

ప్రయాణంలో దొంగతనం, జబ్బు, వేధింపు, మరే ఇబ్బంది కలిగినా 139 నంబరుకు ఫోను చేయవచ్చు. బండి వేళలు కూడా ఆ నంబరులోనే చెబుతారు. ఈ ఒక్క నంబరును పిల్లలకు కంఠతా పట్టించండి. ముసలివారి సంచీలో కాగితం మీద వ్రాసి పెట్టండి. ఆ కాగితం మీదనే ఇంటి నంబరు, దిగవలసిన స్టేషను పేరు పెద్ద అక్షరాలతో వ్రాయండి. మామ్మగారిని మాకు అప్పగించినది అటువంటి చీటీయే.

ముందున్న రోజులు

పుష్కరాలు వచ్చినప్పుడు ఈ స్టేషన్లకు అసలైన పరీక్ష. పన్నెండేళ్ళకు ఒకసారి లక్షలాది ప్రజలు దిగుతారు. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజున, రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన సంగతి ఎవరూ మరువలేరు. అది జరిగినది రేవులో, స్టేషనులో కాదు. అయినా ఇంత జనాన్ని ఒక చోటికి చేర్చే ఏర్పాటుకు, వారిని క్షేమంగా ఇంటికి పంపే బాధ్యత కూడా ఉంటుందని ఆ విషాదం నేర్పింది. తరువాతి పుష్కరాలు 2027లో. అమృత్ భారత్ పథకంలో రాజమండ్రి స్టేషను చేరింది. కొత్త భవనాలు, లిఫ్టులు, ఎస్కలేటర్లు ఈ పథకం ఉద్దేశాలు.

కొత్త భవనం రావలసిందే, సంతోషమే. కాని మా మనవి ఒకటి. స్టేషను గొప్పతనాన్ని దాని అద్దాల గోడలతో కొలవవద్దు. చదువు రాని మనిషి దారి తెలుసుకోగలుగుతున్నాడా? వర్షం వస్తే నేల మీద కూర్చున్నవారు తడవకుండా ఉంటున్నారా? మంచినీళ్ళు డబ్బు లేకుండా దొరుకుతున్నాయా? తెల్లవారుజామున పూలబుట్టకు, సాయంకాలం కాలేజీ పిల్లకు బండి ఉన్నదా? వీటితో కొలవాలి. రైళ్ళ వేళలు మార్చేటప్పుడు చిన్న స్టేషన్ల ఆగుదల పోతుందేమో గమనించండి. పోయినట్లయితే నలుగురు కలిసి అర్జీ వ్రాసి స్టేషను మాస్టరుగారికి, మీ పార్లమెంటు సభ్యునికి ఇవ్వండి. పది రూపాయల టికెట్టు అలా అడిగినందుకే తిరిగి వచ్చింది.

నూట పాతిక సంవత్సరాల క్రితం ఈ ఒడ్డున రైలు దిగి, ఆవలి ఒడ్డు వైపు చూస్తూ నిలబడిన ప్రయాణికులను తలచుకుంటే ఒక సంగతి తెలుస్తుంది. ఎంత పొడవైన పట్టాలు వేసినా, చివరి ఆ మూడు కిలోమీటర్లు దాటించేవారు లేకపోతే ప్రయాణం పూర్తి కాదు. ఇప్పుడు నదిని దాటడం తేలికయింది. కాని ఏ స్టేషనులో దిగాలో తెలియని ముసలివారికి, ఫారం వ్రాయడం రాని రోగికి, మొదటిసారి దూరదేశం పోతున్న పల్లె పిల్లకు ఆ చివరి మూడు కిలోమీటర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. అక్కడ వంతెన కట్టవలసినది ఇంజనీర్లు కాదు, మనమే. మన వీధిలో చదువుకున్న పిల్లవాడు ఒక ఫారం నింపి ఇస్తే చాలు. పక్క సీటువాడు, "ఇంకా దిగకండి మామ్మగారూ, మీది రెండో స్టేషను" అంటే చాలు.

మామ్మగారు పోయిన సంక్రాంతికి మళ్ళీ రాజమండ్రి వచ్చారు. ఈసారి ఒంటరిగానే, తప్పకుండా పెద్ద స్టేషనులోనే దిగారు. ఎలా తెలిసిందని అడిగాము. "బోర్డు చదువుకోలేను గాని అయ్యగారూ, ఇప్పుడు కన్ను కనబడుతోంది కదండీ. పూలమ్మాయి కూర్చునే బెంచీ గుర్తుపట్టానండీ. ఇది కాదు, తరవాతిది అనుకున్నాను" అన్నారు. అని, సంచీలో నుండి రెండు పొట్లాలు తీశారు. ఇంట్లో చేసిన అరిసెలు. ఒకటి మాకు. రెండవది, తిరుగు ప్రయాణంలో గోదావరి స్టేషనులో బండి ఆగినప్పుడు కిటికీలో నుండి ఆ అమ్మాయికి ఇవ్వడానికట.